తప్పు గన్నుదా, చేతిదా? 1911 పిస్టల్ నేర్పే ఓవర్ ఇంజినీరింగ్ పాఠం

పబ్జీ, బీజీఎంఐ ఆడినవాళ్లకి పీ1911ని పరిచయం చెయ్యక్కర్లేదు. కిందికి దిగిన వెంటనే మంచి గన్ ఏదీ దొరక్కపోతే దిక్కయ్యే పిస్టల్ అది. మ్యాగ్‌లో ఏడే రౌండ్లు. దానికో రెడ్ డాట్, ఒక లేజర్, ఒక ఎక్స్‌టెండెడ్ మ్యాగ్ తగిలిస్తే కాస్త పనికొస్తుంది. గేమ్‌లో ఉన్న సుఖం ఏంటంటే, ఏ అటాచ్‌మెంట్ పెట్టినా లాభమే కానీ నష్టం ఉండదు. గన్ జామ్ అవ్వదు, స్ప్రింగ్ విరగదు, బురద పట్టదు.

అసలు 1911 పిస్టల్‌కి అలా కుదరలేదు. దాని గురిని అప్‌గ్రేడ్ చెయ్యడానికి దశాబ్దాల పాటు గన్‌స్మిత్‌లు, కంపెనీలు రకరకాల ప్రయోగాలు చేశారు. కొన్ని అద్భుతంగా పనిచేశాయి. కొన్ని గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్టు తయారయ్యాయి.

గాడ్జెట్ సైట్‌లో ఈ తుపాకుల గోలేంటి అంటారా? మనం ఫోన్‌కి, పీసీకి, కోడ్‌కి చేస్తున్న తప్పే వాళ్లూ చేశారు కాబట్టి. కాకపోతే వాళ్ల తప్పు టార్గెట్ పేపర్ మీద రంధ్రాల్లా కనిపిస్తుంది, స్కేల్ పెట్టి కొలవొచ్చు. మనది అంత తేలిగ్గా కనపడదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఎర్రర్ ఎక్కడుందో కొలవకుండా చేసే అప్‌గ్రేడ్ ఇంజినీరింగ్ కాదు, షాపింగ్.

లూజుగా ఉండటం బగ్ కాదు, ఫీచర్

జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన ఈ పిస్టల్‌ని అమెరికా సైన్యం 1911 మార్చి 29న అధికారికంగా తీసుకుంది. పేరులో ఉన్న నంబర్ ఆ సంవత్సరమే. దానికి ముందు జరిగిన పరీక్షలో ఒకే పిస్టల్‌తో 6,000 రౌండ్లు పేల్చారు. బాగా వేడెక్కితే నీళ్లలో ముంచడం, మళ్లీ మొదలెట్టడం. అయినా కోల్ట్ కంపెనీ ఇచ్చిన ఆ పిస్టల్ ఆగలేదు. 1985లో బెరెట్టా ఎం9 ని ఎంపిక చేసేదాకా, అంటే 74 ఏళ్లు, అమెరికా సైన్యానికి అదే ప్రధాన పిస్టల్. ఇన్నేళ్ల సపోర్ట్ ఇచ్చే ఫోన్ ఒక్కటి చూపించండి చూద్దాం.

ఇది లోపల ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే మిగతా కథ అర్థమవుతుంది. పేల్చిన ప్రతిసారీ పైనున్న స్లైడ్ వెనక్కి వెళ్తుంది. బ్యారెల్ కూడా దాంతో పాటు కొద్ది దూరం కదులుతుంది. తర్వాత కింద ఉన్న చిన్న లింక్ లాగడం వల్ల బ్యారెల్ వెనక భాగం కిందికి దిగి, స్లైడ్ నుంచి విడిపోతుంది. ఖాళీ షెల్ బయటికి పోతుంది, కొత్త రౌండ్ లోపలికి వస్తుంది, బ్యారెల్ మళ్లీ పైకి లేచి స్లైడ్‌లో లాక్ అవుతుంది. ఇదంతా రెప్పపాటులో.

ఇక్కడే ఉంది మ్యాటర్. మనం గురి చూసే సైట్లు స్లైడ్ మీద ఉంటాయి. బుల్లెట్ వెళ్లేది మాత్రం బ్యారెల్‌లోంచి. అంటే ప్రతి రౌండ్ తర్వాత బ్యారెల్ తిరిగి సరిగ్గా అదే చోటికి వచ్చి కూర్చుంటేనే, సైట్ చూపించిన చోటికి బుల్లెట్ వెళ్తుంది. బ్యారెల్‌కీ స్లైడ్‌కీ మధ్య, బ్యారెల్‌ని ముందువైపు పట్టుకునే బుషింగ్ అనే రింగ్‌లో, కాస్త ఖాళీ ఉంటే ఒక్కోసారి ఒక్కోలా కూర్చుంటుంది. గురి అటూ ఇటూ పోతుంది.

మరి ఆ ఖాళీ ఎందుకు వదిలారు? బురద, ఇసుక, మసి చేరినా కదలాలి కాబట్టి. వేడికి లోహం వ్యాకోచించినా పట్టేయకూడదు కాబట్టి. ఇంకో కారణం కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పిస్టల్‌ని కోల్ట్ ఒక్కటే తయారుచెయ్యలేదు. టైప్‌రైటర్లు చేసే రెమింగ్టన్ రాండ్, ఆఖరికి కుట్టు మిషన్ల సింగర్ కూడా చేశాయి. ఒక ఫ్యాక్టరీ స్లైడ్‌లో ఇంకో ఫ్యాక్టరీ బ్యారెల్ పట్టాలి. మన భాషలో చెప్పాలంటే అది కంపాటిబిలిటీ కోసం వదిలిన జాగా. చూసేవాళ్లకి గడగడలాడే సామానులా అనిపిస్తుంది కానీ, ఆ గడగడ వెనక ఒక నిర్ణయం ఉంది.

కన్వర్షన్ మొదలైంది

యుద్ధం అయిపోయాక ఇదే పిస్టల్ పోటీల్లోకి వెళ్లింది. అమెరికాలో బుల్స్‌ఐ అనే పోటీ ఉంటుంది. 25 గజాల నుంచి, 50 గజాల నుంచి, ఒంటి చేత్తో కాల్చాలి. 50 గజాల టార్గెట్‌లో 10 పాయింట్ల వృత్తం వ్యాసం 3.36 అంగుళాలు, దాదాపు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. 45 మీటర్ల దూరం నుంచి టీ సాసర్ కన్నా చిన్న వృత్తంలో ఒంటి చేత్తో వరసగా కొట్టాలన్నమాట. బురదలో పనిచెయ్యడానికి చేసిన పిస్టల్‌కి ఇది పూర్తిగా కొత్త ఉద్యోగం.

దాంతో గన్‌స్మిత్‌లు రంగంలోకి దిగారు. స్లైడ్, ఫ్రేమ్ మధ్య ఆట తగ్గించడం, బ్యారెల్ లాక్ అయ్యే చోట లోహం వెల్డ్ చేసి మళ్లీ అరగదీయడం, బుషింగ్‌ని ఆ ఒక్క బ్యారెల్‌కి సరిపోయేలా చేత్తో కూర్చడం. స్లైడ్ పొడవైతే ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ దూరం పెరిగి గురి చూడటంలో తప్పు తగ్గుతుందని, రెండు స్లైడ్లు కోసి అతికించి లాంగ్ స్లైడ్ తయారుచేసినవాళ్లూ ఉన్నారు. ఇందులో బాగా పేరున్న మనిషి లూసియానాకి చెందిన జిమ్ క్లార్క్. ఆయన గన్‌స్మిత్ మాత్రమే కాదు, 1958లో జాతీయ పిస్టల్ చాంపియన్ కూడా. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత మొదలైంది అసలు ఓవర్ ఇంజినీరింగ్.

మొదటిది .38 స్పెషల్ కన్వర్షన్. .38 స్పెషల్ అనేది రివాల్వర్ కోసం పుట్టిన రౌండ్. దెబ్బ తక్కువ, గురి ఎక్కువ. అందుకని దాన్ని ఆటోమేటిక్ పిస్టల్‌లో వాడాలనుకున్నారు. కానీ దాని అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. రివాల్వర్‌లో అది అవసరం. మ్యాగజైన్‌లో మాత్రం ఒకదాని అంచు ఇంకోదానికి తగులుకుంటుంది. బుల్లెట్ షెల్ అంచుతో సమానంగా లోపలికి దిగి ఉండే వాడ్‌కట్టర్ రకం మాత్రమే పనిచేస్తుంది. జిమ్ క్లార్క్ ఈ కన్వర్షన్లు చేశారు. కోల్ట్ కంపెనీ కూడా తన గోల్డ్ కప్ పిస్టల్‌ని ఈ రౌండ్‌కి మార్చి అమ్మింది. స్మిత్ అండ్ వెసన్ అయితే 1961లో మోడల్ 52 అని ప్రత్యేకంగా ఒక పిస్టల్‌నే దించింది. మ్యాగజైన్‌లో ఐదు రౌండ్లే, అవీ ఆ ఒక్క రకమే. గురి మాత్రం అద్భుతం. ఇవాళ చాలామంది పోటీదారులు ఆ విభాగంలో కూడా మామూలు .45 తోనే కాలుస్తున్నారు. రెండు పిస్టల్స్ మోసే బదులు ఒక్కదాన్ని బాగా తెలుసుకోవడమే మేలనిపించింది వాళ్లకి.

రెండోది కోల్ట్ 1970లో సిరీస్ 70తో తెచ్చిన బుషింగ్. చేత్తో ఫిట్టింగ్ చెయ్యాలంటే ఖర్చు. అందుకని గట్టి రింగ్ బదులు, స్ప్రింగ్‌లా వంగే వేళ్లున్న బుషింగ్ పెట్టారు. ఆ వేళ్లే బ్యారెల్‌ని నలుదిక్కులా బిగించి పట్టుకుంటాయి. ఐడియా నిజంగా సూపర్. మాస్ ప్రొడక్షన్‌లో మ్యాచ్ గన్ లాంటి ఫిట్ అన్నమాట. కానీ ఆ వేళ్లలో ఒకటి అప్పుడప్పుడూ విరిగేది. విరిగిన ముక్క లోపల పడితే పిస్టల్ పట్టేసేది. చివరికి కంపెనీ మళ్లీ పాత గట్టి రింగ్‌కే వచ్చింది. ఆరు దశాబ్దాలు గొడవ చెయ్యని భాగాన్ని రీరైట్ చేసి, మళ్లీ రివర్ట్ కొట్టారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు.

మూడోది గోల్డ్ కప్ ట్రిగ్గర్. వేలికి బాగా ఆనాలని వెడల్పు ట్రిగ్గర్ పెట్టారు. వెడల్పు పెరిగితే బరువు పెరిగింది. స్లైడ్ ధడేల్‌మని మూసుకున్నప్పుడు ఆ బరువు వల్ల లోపలి సియర్ అనే ముక్క కదిలే ప్రమాదం వచ్చింది. దాన్ని అదిమి పట్టడానికి ఇంకో బుల్లి ముక్క, దానికో బుల్లి స్ప్రింగ్. పిస్టల్ విప్పినప్పుడు ముందు మాయమయ్యేవి అవే. ఒక ఫీచర్ వల్ల బగ్, ఆ బగ్‌కి ప్యాచ్, ఆ ప్యాచ్‌కి మెయింటెనెన్స్.

ఆడలేక మద్దెల ఓడు

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. బుల్లెట్లు చెదిరే దూరానికి రెండు కారణాలు ఉంటాయి: చెయ్యి, గన్. ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం లేని తప్పులు కాబట్టి, మామూలుగా కూడితే కుదరదు. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తియ్యాలి. బీటెక్ ఫస్టియర్‌లో చదివి మర్చిపోయిందే.

ఉదాహరణకి మామూలు షూటర్‌ని తీసుకుందాం. చేతి వల్ల 10 సెంటీమీటర్ల చెదురు, గన్ వల్ల 4 సెంటీమీటర్లు అనుకోండి. మొత్తం 10.8. ఇప్పుడు బోలెడు ఖర్చుపెట్టి, కన్వర్షన్ చేయించి, గన్ తప్పుని సగానికి తగ్గించాడు, అంటే 2. మొత్తం ఎంత? 10.2. గన్ రెండింతలు మెరుగైతే ఫలితం మెరుగైంది ఐదు శాతం. అదే అతను గన్ జోలికి పోకుండా ప్రాక్టీస్ చేసి చేతి తప్పుని 10 నుంచి 8కి తెచ్చుకుంటే మొత్తం 8.9. పదిహేడు శాతం మెరుగు, పైగా ఏ స్ప్రింగూ విరగదు.

ఇప్పుడు జిమ్ క్లార్క్ లాంటి చాంపియన్‌ని ఊహించుకోండి. చేతి తప్పు 3 అనుకుందాం. గన్ 4 అయితే మొత్తం సరిగ్గా 5. గన్‌ని 2కి తెస్తే 3.6. ఇరవై ఎనిమిది శాతం తేడా! అతనికి ఆ కన్వర్షన్ పిచ్చి కాదు, అవసరం. అతని విషయంలో మద్దెల నిజంగానే ఓడు.

అందుకే ఓవర్ ఇంజినీరింగ్ అనేది వస్తువులో ఉండే గుణం కాదని నేనంటాను. అది వస్తువుకీ వాడే మనిషికీ మధ్య ఉండే తేడా. ఒకే పిస్టల్, ఒకే పని. ఒకరి చేతిలో ఇంజినీరింగ్, ఇంకొకరి చేతిలో ఓవర్ ఇంజినీరింగ్. మనం చాంపియన్ వాడే సామాను చూసి కొంటాం, కానీ చాంపియన్ చెయ్యి మనకి పార్సిల్‌లో రాదు.

హాంగ్‌జౌ, టోక్యో, పారిస్

ఇది అమెరికా గోల మాత్రమే అనుకోకండి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ల వయసులో, జాతీయ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పిస్టల్ విభాగాల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. తను కాల్చే పోటీల్లో గన్‌ని ఎంతవరకు ట్యూన్ చెయ్యొచ్చో రూల్‌బుక్కే గీత గీస్తుంది. 25 మీటర్ల పిస్టల్ 300 బై 150 బై 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాముల బరువు లాగాలి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కైతే కనీసం 500 గ్రాములు. అంటే ఒక స్థాయి దాటాక ఇంజినీరింగ్ ఆపేసి మనుషుల్ని పోటీ పడనిస్తారు. ఎయిర్ పిస్టల్‌లో 10 పాయింట్ల వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అక్కడ గెలిపించేది ఊపిరి, భుజం, వేలు.

అలాగని గన్ లెక్కలోకే రాదా అంటే, టోక్యో గుర్తుచేసుకోండి. 2021 జులై 25న 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. బయటికెళ్లి సరిచేయించుకుని వచ్చేసరికి బోలెడు సమయం పోయింది, గడియారం మాత్రం ఆగలేదు. 575 స్కోరుతో 12వ స్థానం. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ పోయింది. ఆ పిస్టల్ గురిలో ఏ లోపమూ లేదు. పనిచేస్తున్నంతసేపు పర్ఫెక్ట్. కానీ పోటీ రోజు పనిచెయ్యని పర్ఫెక్ట్ గన్ స్కోరు సున్నా. అదే మను మూడేళ్ల తర్వాత పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది.

అదే పారిస్‌లో మిక్స్‌డ్ టీమ్ ఎయిర్ పిస్టల్‌లో రజతం గెలిచిన జట్టులో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఫొటో వైరల్ అయింది గుర్తుందా? జేబులో చెయ్యి, మామూలు కళ్లద్దాలు, టీషర్ట్. "గాడ్జెట్లు ఎందుకు, టాలెంట్ ఉంటే చాలు" అని అందరం మీమ్స్ షేర్ చేశాం. అది సగం నిజం. జేబులో చెయ్యి పెట్టుకోవడం షూటర్లందరూ చేసేదే, ఒళ్లు కదలకుండా ఉండటానికి. ఆయన చేతిలో ఉన్నది కూడా పోటీలకి తయారైన ఖరీదైన పిస్టలే. ఆయన వదిలేసింది తనకి అక్కర్లేని లెన్సులు, కంటి మూతలు మాత్రమే. గాడ్జెట్ వద్దనలేదు. తన తప్పు ఎక్కడుందో, ఎక్కడ లేదో తెలుసుకున్నాడు, అంతే.

జీలకర్ర బెల్లం టైమ్‌లో

నాకిది ఎప్పుడు తగిలిందో చెప్తా. పోయినేడాది నర్సీపట్నంలో అక్క పెళ్లి. ఫొటోలు నేనే తీస్తానని ముందే ప్రకటించేశా. ఫోన్‌లో వచ్చిన కెమెరా యాప్ మనకి ఆనదు కదా. ఎవరో పోర్ట్ చేసిన వేరే కెమెరా యాప్ వేశా, దాని మీద ఇంకెవరో రాసిన కాన్ఫిగ్ ఫైల్ ఎక్కించా, రూట్ చేసి ప్రాసెసర్ సెట్టింగ్‌లు కూడా మార్చా. ఇంట్లో దీపం వెలుగులో టెస్ట్ షాట్లు తీసి జూమ్ చేస్తే పట్టు చీర అంచులో దారం దారం కనపడింది. పొంగిపోయా.

కల్యాణ మండపంలో వేడి, హోమం పొగ, వీడియో లైట్లు. రెండు గంటలుగా ఫోన్ కాలిపోతోంది. సరిగ్గా అక్కా బావా జీలకర్ర బెల్లం పెట్టుకునే క్షణంలో నొక్కా. స్క్రీన్ నల్లగా అయింది. యాప్ మూసుకుపోయింది. మళ్లీ తెరిచేలోపు పంతులుగారు తర్వాతి మంత్రంలో ఉన్నారు. "ఇంకోసారి పెట్టుకోండి" అనడానికి అది రీల్ కాదు కదా.

నేను కూడా సిరీస్ 70 బుషింగే పెట్టుకున్నానని అప్పుడు తెలిసింది. నా ఫొటోల్లో అసలు లోపం షార్ప్‌నెస్ కాదు. నా పాత ఫొటోలు తిరగేస్తే చెడిపోయినవాటిలో ఎక్కువ చెయ్యి కదిలినవే, లేదా ఆలస్యంగా నొక్కినవే. అంటే తప్పు చేతిది. నేను బాగుచేసింది లెన్స్ వెనకున్న లెక్కల్ని. దానికి బదులుగా ఇచ్చింది నమ్మకాన్ని.

కొనే ముందు, మార్చే ముందు

కస్టమ్ రామ్‌లు, ఓవర్‌క్లాకింగ్, కూలర్ ఫ్యాన్లు మానేయమని నేను చెప్పను. చెడగొట్టి నేర్చుకోవడం మన జాతి లక్షణం. ఆ 1911 గన్‌స్మిత్‌ల పిచ్చి వల్లే మంచి టార్గెట్ పిస్టల్స్ పుట్టాయి. కాకపోతే పిస్టల్ విషయంలో ఈ సరదా మన దేశంలో కుదరదు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీని రిపేర్ చెయ్యడం, మార్చడం నేరం. మనకి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి, చాలు.

నేనిప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటున్నా. ఒకటి, ఇప్పుడున్న తప్పులో ఎంత వస్తువుది, ఎంత నాది? గేమ్‌లో ఓడితే ముందు పింగ్ చూడాలి, తర్వాత నా రీప్లే చూడాలి, ఆ తర్వాతే కొత్త ఫోన్ రేటు. రెండు, ఈ అప్‌గ్రేడ్ ఏ ఖాళీని మూసేస్తోంది? అది నిజంగా వృథా జాగానా, లేక బ్రౌనింగ్ వదిలినట్టు ఎవరో ఆలోచించి వదిలిందా? మూడు, ఇది ఫెయిలైతే తిరిగి మామూలు స్థితికి రావడానికి ఎంతసేపు పడుతుంది? జీలకర్ర బెల్లం టైమ్ కన్నా ఎక్కువైతే, అది ప్రయోగాల ఫోన్‌లో ఉండాలి, పెళ్లికి తీసుకెళ్లే ఫోన్‌లో కాదు.

ఆ క్షణం ఫొటో మా ఇంట్లో ఉంది లెండి. నాలుగేళ్ల పాత ఫోన్‌తో, పక్కన నిలబడి, మా పిన్ని తీసింది. ఓ మూల ఎవరిదో మోచెయ్యి, మొహాలు కాస్త మసకగా ఉన్నాయి. పన్నెండు బై పద్దెనిమిది సైజులో ప్రింట్ వేయించి హాల్లో పెట్టారు. వచ్చినవాళ్లందరూ దాన్నే చూస్తున్నారు. ఇంతవరకు ఎవరూ జూమ్ చెయ్యలేదు.